మామ ముట్టుకోని కుక్క

మా మామ పోయాడు. పొద్దున్నే ఆయన కొడుకు, మా బావ, ఫోన్ చేసి, "మ్మే, నాయన పోయినాడు" అన్నాడు. గొర్రెల దొడ్డి తడిక తీయబోయి అక్కడే కూలబడ్డాడట. ఆటో వచ్చేలోపే అయిపోయిందట. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. అమ్మ కాలం చేశాక నాకు పుట్టిల్లంటూ మిగిలింది వెలిగండ్ల దగ్గరి పల్లెలో ఉన్న ఆయన ఇల్లే.

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అయితే ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నది ఆ ఏడుపు కోసం కాదు. ఆయనను సాగనంపిన రోజున నాకు తెలిసిన ఒక సంగతి కోసం. రెండేళ్ళుగా మా మామ మా కుక్కను ముట్టుకోలేదు. మా అమ్మాయి ముట్టుకోమనేదాకా ముట్టుకోకూడదని కాచుకుని ఉన్నాడు. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఎవరమూ అనలేదు. ఇది రాస్తుంటేనే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు నాకు.

మామ గొర్రెలు కాచుకునే మనిషి. కొంచెం చేను ఉంది గానీ దాని మీద ఆయనకు ఎప్పుడూ ధ్యాస లేదు. ఎండలు ముదరగానే పచ్చిక వెతుక్కుంటూ మందను నల్లమల అంచుకు తోలుకొచ్చేవాడు. అప్పుడు గిద్దలూరులో మా ఇల్లు ఆయనకు మజిలీ. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఒళ్ళంతా గొర్రెల వాసన. నేను ఆఫీసులో పనిచేసేదాన్ని కదా, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని ప్రాణం ముడుచుకుపోయేది. గడప బయటే నిలబడి, "బుజ్జమ్మా, నీళ్ళు" అని వీధి చివరిదాకా వినపడేలా కేకేసేవాడు. మెల్లగా పిలవవచ్చు కదా మామా అంటే, "మెల్లగా పిలిస్తే నువ్వు పలకవు" అనేవాడు. అదీ నిజమే.

మా అమ్మాయి నాలుగో తరగతి నుంచి కుక్కపిల్ల కావాలని ప్రాణం తీసింది. తెల్లగా, దూదిలా ఉండే పొమేరియన్ కావాలట. మామ ఆ మాట విని, "మన ఎండకు ఆ బొచ్చు కుక్క ఎందుకు తల్లీ? ఊర్లో మంచి పిల్లలుండాయి, పొట్టి బొచ్చువి. ఏం పెట్టినా తింటాయి, యాడైనా పండుకుంటాయి" అన్నాడు. మా అమ్మాయి మూతి ముడిచింది. నేను కూడా, వీధికుక్కను ఇంట్లో పెట్టుకుంటే ఏం బాగుంటుంది మామా అన్నాను. "సరే, తెచ్చుకుంటే తెచ్చుకోండి. చూసి తెచ్చుకోండి. నేనూ వస్తా" అన్నాడు.

మార్కాపురంలో కుక్కపిల్లలను అమ్మే ఒకాయన ఇంటికి వెళ్ళాం. ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. ఆయన కుర్చీలు వేశాడు. మామ కుర్చీ వదిలేసి టైల్స్ మీద చతికిలబడి, "పిల్లలు ఉండనీ, తల్లి యాడ?" అన్నాడు. తల్లిని చూడాల్సిన పనేముందండీ, పిల్లలు బాగున్నాయి కదా అన్నాడు ఇంటాయన. మామ లేచి కర్ర అందుకుని, "అయితే పా బుజ్జమ్మా, పోదాం" అన్నాడు. ఇంటాయన గబగబా పెరట్లోంచి తల్లికుక్కను తెచ్చాడు. అది తోక ఊపుకుంటూ వచ్చి మామ మోకాలు వాసన చూసింది. అప్పుడు మళ్ళీ కూర్చున్నాడు. "తల్లి మనిషిని చూసి మూలకు నక్కేదైతే, పిల్లలూ అదే నేర్చుకుంటాయి" అని మా అమ్మాయికి చెప్పాడు.

తర్వాత ఒక్కొక్క పిల్లనూ ఎత్తి తోక కింద చూశాడు. పొట్ట తడిమి, ఉబ్బి గట్టిగా ఉంటే లోపల పురుగులుంటాయన్నాడు. పెదవి పైకెత్తి చిగుళ్ళ రంగు చూశాడు. చెవి ముక్కుకు ఆనించుకుని వాసన పీల్చాడు. ఇంటాయన నా వైపు చూసి నవ్వుతుంటే నేను గోడకున్న కేలండర్ చదువుతూ నిలబడ్డాను. మా అమ్మాయి ఒక మూల ముడుచుకుని నిద్రపోతున్న చిన్న పిల్లను చూసి అదే కావాలంది. "నిద్రపోతా ఉండే బిడ్డ ఎవురికైనా ముద్దొస్తాది. లేపి చూడాల తల్లీ" అని దాన్ని లేపాడు. కళ్ళు పుసులు కట్టి ఉన్నాయి, నిలబడలేక తూలుతోంది. ఆఖరికి కర్రను నేల మీద టప్పున పడేశాడు. ఒకటి మంచం కిందికి దూరింది. ఒకటి దూరం నుంచే మొరిగింది. ఇంకొకటి ఉలిక్కిపడి ఆగి, తర్వాత నిదానంగా వచ్చి కర్రను వాసన చూసింది. "ఇదిగో, ఇదీ" అన్నాడు మామ.

మా అమ్మాయి దానికి కాటన్ అని పేరు పెట్టింది. మామ నోటికి ఆ పేరు పట్టలేదు, పత్తీ అని పిలిచాడు. అది రెండు పేర్లకూ పలికేది. వచ్చిన మొదటి వారంలోనే ఆయన గొంగడి మీద తప్ప పడుకోనని మొండికేసింది. మందకు వెళ్ళేటప్పుడు దాన్ని విడిపించుకోవడానికి ఆయన నానా తంటాలు పడేవాడు. మేం కొన్న మెత్తటి పరుపు మూలన పడి ఉండేది.

ఏడాది తిరిగేసరికి కాటన్‌కు ఒళ్ళంతా నిండుగా తెల్ల బొచ్చు వచ్చింది. మళ్ళీ ఎండాకాలం. గిద్దలూరు ఎండ సంగతి చెప్పాలా, మధ్యాహ్నం బండి సీటు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూ బాత్రూంలోనే పడుకునేది. మామ దాన్ని చూసి తల్లడిల్లిపోయేవాడు. "కంబళి కప్పి ఎండలో నిలబెట్టినట్టుండాది గదమ్మా, పాపం" అనేవాడు.

ఒక రోజు నేను ఆఫీసుకు పోయాను. అమ్మాయి స్నేహితురాలి ఇంటికి పోయింది. సాయంత్రం ఇద్దరం గేటు దగ్గరే కలిసి లోపలికి వచ్చాం. వసారాలో మామ కూర్చుని ఉన్నాడు, పక్కన గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర, తువ్వాలు నిండా తెల్లటి బొచ్చు. ఎదురుగా ఏదో ఎలుకలాంటి జంతువు నిలబడి ఉంది, గులాబీ రంగు చర్మంతో. తోక ఊపితే గానీ అది కాటన్ అని నాకు తెలియలేదు.

మామ మొహం వెలిగిపోతోంది. "చూడు తల్లీ, ఎంత తేలిగ్గా ఉండాదో ఇప్పుడు! గొర్రెకు చేసినట్టే చేసినా. ఒక్క గాటు పడనియ్యలా" అన్నాడు. మా అమ్మాయి పెట్టిన కేకకు ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు.

మర్నాడు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కుక్కను ఎత్తుకున్నది మామే. డాక్టరు చూసి నెత్తి పట్టుకున్నాడు. ఈ జాతికి బొచ్చు రెండు పొరలుంటుందట. లోపలిది మెత్తటిది, పైది పొడుగుది. ఆ పై పొరే ఎండ చర్మానికి తగలకుండా ఆపుతుందట. దువ్వి ఊడిన బొచ్చు తీసేస్తే చాలట, గాలి ఆడుతుందట. చర్మం దాకా గొరిగితే ఎండకు చర్మం కమిలిపోతుందట, కొన్నిటికి బొచ్చు మళ్ళీ సరిగా రాదట. మామ కుక్కను గుండెకు అదుముకుని, "మళ్ళా రాదా అయ్యా?" అని అడిగాడు. "రావచ్చు పెద్దాయనా. చెప్పలేం" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి కుక్కను కిందికి దించగానే మా అమ్మాయి మధ్యలో నిలబడింది. పదేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఇంక నువ్వు కాటన్‌ను ముట్టుకోవద్దు తాతా. నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు" అంది.

"సరే తల్లీ. నువ్వు చెప్పేదాకా ముట్టుకోను" అన్నాడు మామ.

పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది అని నేను అమ్మాయిని కసిరాను. మామ చెయ్యి అడ్డం పెట్టి, "అననీలే. చెడగొట్టింది నేనే గదా" అన్నాడు. అంతటితో ఆ మాట నా తలలోంచి పోయింది. పిల్ల మాట కదా, పొద్దున అన్నది సాయంత్రానికి ఉంటుందా అనుకున్నాను.

మామ మాత్రం ఊరంతా చెప్పుకుని తిరిగాడు. టీ కొట్టు దగ్గర, బస్టాండులో, మందల దగ్గర తోటివాళ్ళతో, "కుక్కను గొర్రె అనుకున్నా. అమ్మాయి కుక్కను పాడుచేసినా" అని. ఎదురింటావిడ ఆ సంగతి నా దగ్గర ఎత్తి నవ్వితే నాకు తల కొట్టేసినట్టయింది. "అందరికీ చెప్పుకోవడమేంది మామా, సిగ్గు లేకుండా" అని గట్టిగానే అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "సిగ్గుండబట్టే చెప్తా ఉండా బుజ్జమ్మా" అన్నాడు. నాకు అప్పుడు కోపమే వచ్చింది. సిగ్గంటే దాచుకునేది అని అనుకునే రకం నేను.

ఆ తర్వాత కొన్నాళ్ళు రాలేదు. వచ్చినప్పుడు గడప దాటి లోపలికి రాలేదు, వసారా మెట్టు మీద కూర్చున్నాడు. వస్తూ వస్తూ పశువుల ఆస్పత్రికి పోయి, గేదెల వెనక వరుసలో నిలబడి, డాక్టరును అడిగి వచ్చాడట. "డాక్టరు చెప్పినాడు" అని మొదలుపెట్టి, "దువ్వెన తీసుకురా తల్లీ" అన్నాడు. కాటన్ ఆయనను చూసి ఎగిరి ఒళ్ళోకి దూకబోయింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడకు అదిమిపెట్టుకున్నాడు. "పోవే పత్తీ, పో. అక్క కాడికి పో" అన్నాడు. అది ఆయన గడ్డం నాకుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ చెయ్యి మాత్రం ముందుకు రానివ్వలేదు.

అప్పటినుంచి అదే పద్ధతి. ఎప్పుడొచ్చినా మెట్టు మీద కూర్చోవడం, చేతులు వెనక్కి కట్టుకోవడం, నోటితో చెప్పడం, మా అమ్మాయి చెయ్యడం. స్నానానికి ముందే దువ్వాల, ముడులు తడిస్తే ఇంక రావు. ముడి కనబడితే లాగొద్దు, చర్మం కాడ వేళ్ళతో పట్టుకుని కొస నుంచి విప్పుకుంటా రావాల. మనం రుద్దుకునే సబ్బు దానికి మంట. చెవుల్లోకి నీళ్ళు పోనియ్యొద్దు. పోసినాక చర్మం దాకా తుడవాల, పైపైన తుడిస్తే లోపల తడి నిలిచి కంపు పడతాది. గోరు వెలుతురుకు పట్టి చూడు, లోపల ఎర్రటి గీత కనపడతాది, దాని జోలికి పోకుండా కొస మాత్రమే తియ్యి. నెత్తురు తాగే పిడుదులు చెవి మడతల్లో, కాలి వేళ్ళ సందుల్లో దాక్కుంటాయి. చర్మం దగ్గర పట్టుకుని తిన్నగా లాగు, తిప్పొద్దు, గిల్లొద్దు. పీకిన దాన్ని సబ్బునీళ్ళలో వెయ్యి. "మేం కిరసనాయిలు పూసేవాళ్ళం. డాక్టరు వద్దన్నాడు. మానేసినా" అని అదీ చెప్పాడు.

మధ్యమధ్యలో, "దాని మొహం చూస్తా చెయ్యి. చెయ్యి చూసుకుంటా చెయ్యొద్దు" అనేవాడు. ఈ మాట చాలాసార్లు అన్నాడు. ఇప్పుడు మా అమ్మాయి కూడా, కాటన్‌ను దువ్వేటప్పుడు, తనకు తెలియకుండానే దాని మొహం వైపే చూస్తుంది.

బొచ్చు మెల్లగా వచ్చింది. రెండో చలికాలానికి నడుం మీద అరచేతి మేర తప్ప అంతా కమ్ముకుంది. మా అమ్మాయి ఆ కోపమే మర్చిపోయింది. తాత వస్తున్నాడంటే దువ్వెన, తువ్వాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. ఎవరింటికి పోయినా, కుక్కలను ఎలా చూసుకోవాలో మా తాత నేర్పించాడు అని గొప్పగా చెప్పేది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకోవడం కూడా పాఠంలో భాగమే అనుకుంది పాపం. తాను నేర్చుకోవాలనే ఆయన ముట్టుకోవడం లేదనుకుందట. చిన్నపిల్ల, అనుకోవచ్చు. మరి నాకేమైంది?

ఒక రోజు నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మామ మెట్టు మీద ఉన్నాడు. కాటన్ పెరట్లో తిరిగి, కాలిలో పల్లేరు కాయ గుచ్చుకుని కుంటుకుంటూ వచ్చి, తిన్నగా ఆయన దగ్గరికే పోయి, ఆ కాలు ఆయన మోకాలి మీద పెట్టింది. మూలుగుతోంది. ఆయన చేతులు వెనక ఉన్నాయి. "బుజ్జమ్మా, ఒకసారి రామ్మా" అని కేకేశాడు. నేను పిండి కలుపుతున్నాను. నువ్వే తీసెయ్యి మామా, గొర్రెల కాళ్ళలో ఎన్ని పీకలేదు అన్నాను లోపలి నుంచే. "నేను వద్దులే. నువ్వు రా" అన్నాడు. మళ్ళీ పిలిచాడు. నేను విసుక్కుంటూ చేతులు కడుక్కుని వచ్చి ఆ ముల్లు తీశాను. ముసలాయనకు ఈ మధ్య చాదస్తం ఎక్కువైంది, బట్టలకు బొచ్చు అంటుకుంటుందని కాబోలు అనుకున్నాను. గొంగడి మీద కుక్కను పడుకోబెట్టుకున్న మనిషి గురించి అలా అనుకున్నాను! ఆ రోజు ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను కూడా. వయసుకు కళ్ళు నీరు కారుతున్నాయి, చూపించుకోమని ఒక సలహా పడేసి లోపలికి పోయాను.

ఇంటికి ఎవరైనా వస్తే ఇదొక వినోదం. "మా మామ మా కుక్కకు దండం పెట్టడమొక్కటే తక్కువ, అంత దూరం మర్యాద" అని నేను నవ్వించేదాన్ని. ఆయన కూడా మాతో నవ్వేవాడు, చేతులు వెనకే పెట్టుకుని.

ఆయన పోయాడన్న ఫోన్ వచ్చిన రోజు కాటన్‌ను వదిలేసి వెళ్ళడానికి ఎవరూ దొరకక కారులో మాతోనే తీసుకుపోయాం. చావింటికి కుక్కను తెచ్చారేందని ఎవరైనా అంటారేమోనని దారి పొడుగునా నాకు అదే భయం. అక్కడ కూడా ఆ భయమే నాకు! ఎవరూ ఏమీ అనలేదు. ఇంటి పక్కన చింతచెట్టుకు కట్టేసి లోపలికి పోయాం. మామను మట్టిచేసి వచ్చి, స్నానాలు చేసి, అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు.

బావ, మామ కొడుకు, కాటన్ ముందు గొంతుక్కూర్చుని దాని తల నిమురుతున్నాడు. మేం దగ్గరికి పోయాం.

"ఇదేనా పత్తి? నాయన దినామూ దీని మాటే" అన్నాడు. నడుం మీద బొచ్చు లేని చోట వేలు పెట్టి, "ఇక్కడ ఒక్కటే మిగిలిందన్నాడు" అని, అమ్మాయి వైపు చూసి నవ్వబోయాడు. "మొన్న నాతో అన్నాడు, ఈ తూరి గిద్దలూరు పోతే అమ్మాయిని అడుగుతానురా, బొచ్చు బాగానే వచ్చింది గదా, ముట్టుకోమంటాదేమో అని. నేను నవ్వినా. కుక్కను ముట్టుకోనీకి చిన్నపిల్లను అడిగేదేంది నాయనా అంటే, మాట ఇచ్చినా గదరా అన్నాడు. మరి ముందే అడగరాదా అంటే, అడిగితే మొహమాటానికి సరే అంటాది, దానికై అది చెప్తే బాగుంటాది అని ఇన్నాళ్ళూ ఊరకుండినాడు."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. "ముట్టుకోవద్దని నేనన్నానా? ఎప్పుడన్నానమ్మా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పి ఉంటే దానికి తేలికయ్యేదేమో. "అన్నావు. డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన రోజు" అన్నాను.

"నేను మర్చిపోయానని తాతకు తెలీదా?"

తెలీదు. ఎవరు చెప్పాలి? రోజూ ఆ మెట్టు దాటుకుంటూ తిరిగినదాన్ని నేను. పిల్ల మర్చిపోయింది మామా, ఎత్తుకో అని అనడానికి నాకు ఎంతసేపు పట్టేది? మా అమ్మాయి ఏడవకుండా, దొడ్డి వైపు నడిచింది.

దొడ్డి తడిక దగ్గర మామ మంద కుక్క పడుకుని ఉంది. మట్టి రంగుది, ముసలిది. పొద్దున ఆయన పడిపోయిన చోటే పడుకుందట, పెట్టిన అన్నం ముట్టలేదట. మంద కుక్కలను ఎవరూ ముద్దు చెయ్యరు, వాటికి అలవాటూ ఉండదు. చెవుల నిండా పిడుదులు బఠాణీ గింజల్లా పట్టి ఉన్నాయి. మా అత్త అక్కడే గోడకు ఆనుకుని, కొంగు మోకాళ్ళ మీద వేసుకుని కూర్చుని ఉంది. ఆమెకు ఈ సంగతులేవీ తెలియవు.

"అవ్వా, దీన్ని ముట్టుకోవచ్చా?" అని అడిగింది మా అమ్మాయి.

అత్త తల తిప్పకుండానే, "ముట్టుకో తల్లీ. ఎవురొద్దన్నారు?" అంది.

మా అమ్మాయి ఆ పేడ నేల మీదే కూర్చుని, చేతి వెనక వైపు దాని ముక్కు దగ్గర పెట్టి ఆగింది. కుక్క వాసన చూసి మళ్ళీ తల వాల్చింది. అప్పుడు దాని చెవి మడత మెల్లగా తిప్పి, మొహం వైపే చూస్తూ, మొదటి పిడుదును తిన్నగా లాగింది. పొద్దు గూకింది. గొర్రెలు దొడ్డిలోకి వచ్చి మూగాయి. కారులో అందరూ కూర్చున్నాక కూడా మా అమ్మాయి రెండో చెవి దగ్గరే ఉంది, ఇంక చాలు రమ్మని పిలవడానికి నాకు నోరు రాలేదు.